పిలుపు వచ్చింది, ధైర్యం రావడం లేదు: ఏం చేయాలి?

వందనాలు బ్రదర్. కాపరి బదిలీ మీద వెళ్లారు, కొత్తవారు వచ్చేదాకా శుక్రవారం గృహ ప్రార్థనలు మీరే నడిపించాలని సంఘ పెద్దలు అన్నారు, దేవుడు తోడున్నాడన్న ధైర్యం మాత్రం కలగడం లేదు. ఇదీ మీ ప్రశ్న. ధైర్యం వచ్చాక ఒప్పుకుందామనుకుంటే ఆ రోజు రాదు.

ఐగుప్తులో బానిసలుగా ఉన్న ఇశ్రాయేలీయుల్ని బయటికి తెమ్మని దేవుడు మోషేను పిలిచిన నిర్గమకాండం 3, 4 అధ్యాయాలు ఒక్క బిగిన చదవండి. పెన్సిల్ పట్టుకుని మోషే అభ్యంతరాలకు అంకెలు వేయండి: 3:11, 3:13, 4:1, 4:10, 4:13. మొదటిది ‘నేనెంతటివాణ్ణి?’ అనేది. దానికి దేవుడు ‘నువ్వు సమర్థుడివే’ అనలేదు. ఐగుప్తు రాజు ఫరో ఇంట్లో పెరిగావు కదా అని గుర్తుచేయనూ లేదు. ‘నేను నీకు తోడుంటాను’ అన్నాడంతే. మోషే తన గురించి అడిగితే జవాబు ఆయన గురించి వచ్చింది. మన తెలుగు బైబిల్లో కనబడని సంగతి ఒకటుంది. హీబ్రూలో 3:12లో ‘ఉంటాను’ అన్నచోట ఉన్న మాట ఎహ్యే. రెండు వచనాల తర్వాత ‘ఉన్నవాడను’ అని తన పేరు చెప్పినచోటా అదే ఎహ్యే.

చాలామంది తడబడేది 3:12 రెండో సగంలో. ప్రజల్ని బయటికి తెచ్చాక ఈ కొండమీదే నన్ను సేవిస్తారు, అదే సూచన అన్నాడు. పని అయ్యాక గానీ కనబడదది. మనకేమో ముందే కావాలి. కళ్లు మూసుకుని బైబిల్ తెరిచి వేలు పెడతాం, డిసెంబర్ 31 రాత్రి డబ్బాలోంచి తీసిన వాగ్దానం కార్డుతో, అంటే వచనం రాసిన చీటీతో, తేల్చుకుంటాం. కార్డును తప్పుపట్టడం లేదు, కానీ డబ్బాలో వేసిందే కదా చేతికొచ్చేది! గిద్యోను ఉన్ని పరచి దేవుణ్ణి సూచన అడగలేదా అంటారు. న్యాయాధిపతులు 6:14లో ఆయనకు పిలుపు స్పష్టంగానే అందింది, ఉన్ని సంగతి 6:37లో గానీ రాదు.

ఇప్పుడు మీ భయాలు కాగితం మీద, ఒక్కోటి ఒక్క వరుసలో రాయండి. మోషే మొదటి నాలుగింటికీ దేవుడు ఓపిగ్గా జవాబిచ్చాడు. ఐదోది ‘ఇంకెవరినైనా పంపు’ అనడం, కోపం వచ్చింది అక్కడే. అయినా అన్న అహరోనును తోడిచ్చాడు. కాబట్టి మనిషి తోడు అడగడం అవిశ్వాసం కాదు. పెద్దల్ని అడగండి: ఎన్ని వారాలు? నాతో ఎవరు? రోగుల దగ్గరికి, ఇళ్లలో గొడవలకు ఎవరు వెళ్తారు? చివరిది ముందే తేల్చుకోకపోతే నెల తిరక్కుండా అన్నీ మీ నెత్తిన పడతాయి. మోషే కూడా పొద్దుటినుంచి సాయంత్రం దాకా తగవులు తీరుస్తూ కూర్చుంటే, మామ యిత్రో వచ్చి పదిమందికొకర్ని పెట్టుకొమ్మన్నాడు (18వ అధ్యాయం).

కూడిక గంట మించొద్దు. రెండు పాటలు, పది నిమిషాల ప్రార్థన, పదిహేను నిమిషాల వాక్యం, మిగతా సమయం ప్రార్థన మనవులకు. ప్రకటన గ్రంథం జోలికి వెళ్లకండి. మార్కు సువార్తలో పది, పన్నెండు వచనాల భాగం తీసుకుని సోమవారం నుంచే రోజూ ఒకసారి పైకి చదవండి. గురువారం రాత్రి మొదలుపెడితే యూట్యూబ్ ప్రసంగం అరువు తెచ్చుకోవాల్సి వస్తుంది, దాంతోపాటు ఆ బోధకుడి గొంతు కూడా వచ్చేస్తుంది. అర పేజీ రాసుకుని చూసి చెప్పినా తప్పులేదు. మాట చక్కగా రాదని వెనక్కి తగ్గొద్దు. డోర్నకల్ తొలి బిషప్ అజరయ్య 1909లో తిరునెల్వేలి ప్రాంతం నుంచి వచ్చిన తమిళుడు. తెలుగు నేర్చుకునే ఇక్కడ సేవ చేశారు.

మొదటి నెల నిర్గమకాండం 5వ అధ్యాయంలా ఉండొచ్చు. ప్రజల్ని పంపమని మోషే వెళ్లి అడిగాక ఫరో ఇటుకలకు కావాల్సిన గడ్డి ఇవ్వడం మానేశాడు, ఇటుకల లెక్క మాత్రం తగ్గించలేదు. జనం మోషేనే తిట్టారు. మూడో శుక్రవారం ఐదుగురే వస్తే 5:22 తీసి, మోషేలాగే దేవుణ్ణి నిలదీసి అడగండి. అడిగాక, వచ్చే శుక్రవారం ఎవరింట్లోనో ఆ ఐదుగురికీ చెప్పి పంపండి.