కట్టెపొట్టు నుంచి విమాన ఇంధనం: మా పాప ఏం చదవాలి?

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర పల్లె. సామిల్లు నడుపుతాను. మా పాప ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. కట్టెపొట్టు నుంచి కార్లకీ విమానాలకీ ఇంధనం తీస్తారట, అదే చదువుతానంటోంది. బంధువులేమో కంప్యూటర్స్‌లో చేర్చమంటున్నారు. దీనికి కోర్సు ఉందా? ఉద్యోగం వస్తుందా?

జవాబు: ఉందండీ. కానీ ‘రెన్యూవబుల్ ఎనర్జీ’ లాంటి కొత్త పేర్ల బీటెక్ బ్రాంచీల జోలికి వెళ్లకండి. పాపను కెమికల్ ఇంజినీరింగ్‌లో చేర్చండి.

ఎందుకంటే, మీరు బొగ్గుల బట్టీ చూసే ఉంటారు. గాలి ఆడకుండా కట్టె కాలిస్తే పొగ పోయి బొగ్గు మిగులుతుంది. ఆ పొగను పోనివ్వకుండా చప్పున చల్లారిస్తే నల్లటి ద్రవం దిగుతుంది. అదే బయో ఆయిల్. ఎండిన పొట్టును గాలి తగలకుండా సుమారు 500 డిగ్రీల సెల్సియస్ దగ్గర క్షణాల్లో వేడిచేస్తే, బరువులో సగానికి పైగా ఈ ద్రవమే వస్తుంది. అలాగని బండిలో పోయలేం. ఎండు కట్టె బరువులో 40 శాతానికి పైగా ఆక్సిజనే. అది ఆయిల్లోకీ దిగుతుంది. దాంతో ఆయిల్ ఇనుమును తినేస్తుంది, నిల్వ ఉంటే చిక్కబడుతుంది, డీజిల్లో కలవదు. కెటలిస్టు (రసాయన చర్యను వేగం చేసే పదార్థం) పెట్టి హైడ్రోజన్‌తో ఆ ఆక్సిజన్ తీసేస్తేనే పనికొస్తుంది.

ఇంకో దారిలో కట్టెను గ్యాస్‌గా మార్చి, 1920ల్లో జర్మనీలో కనిపెట్టిన ఫిషర్ ట్రాప్ష్ పద్ధతిలో ఇంధనం తీస్తారు. దీన్ని మామూలు విమాన ఇంధనంలో 50 శాతం దాకా కలపడానికి 2009లోనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది.

రియాక్టర్లు (రసాయన చర్య జరిపే పాత్రలు), కెటలిస్టులు, డిస్టిలేషన్ (మరిగించి ద్రవాలను వేరుచేయడం) అన్నీ కెమికల్ సిలబస్‌లోవే. కట్టె ఇంధనం ఆలస్యమైనా విశాఖ రిఫైనరీకీ, పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీలకీ అదే చదువు పనికొస్తుంది.

ఆలస్యం కావచ్చు కూడా. అమెరికాలో కట్టె ముక్కల నుంచి పెట్రోలు, డీజిల్ తీసిన కియార్ కంపెనీ 2014లో దివాలా తీసింది. ఫిన్లాండ్‌లో యూపీఎం మాత్రం 2015 నుంచి కాగితపు గుజ్జు తయారీలో మిగిలే టాల్ ఆయిల్‌తో డీజిల్ తీస్తోంది. మన దేశం అంతర్జాతీయ విమానాల్లో ఇలాంటి పర్యావరణ హిత ఇంధనాన్ని 2027కు 1 శాతం, 2030కి 5 శాతం కలపాలని లక్ష్యం పెట్టుకుంది. గిరాకీ వస్తుందనే నా నమ్మకం. అయితే మన జిల్లాలోనే ఈ ఉద్యోగం దొరకాలని మాత్రం ఆశించొద్దు.

పాపకు మీ మిల్లు పెద్ద ఆస్తి. ఈ ప్లాంట్లలో చాలా తంటా రియాక్టర్ దాకా వెళ్లకముందే వస్తుంది: తడి పొట్టు గొట్టాల్లో ఇరుక్కుంటుంది, బెరడుతో ఇసుక వస్తుంది. పచ్చి దుంగ బరువులో దాదాపు సగం నీళ్లే. బయో ఆయిల్ తీయాలంటే తేమ 10 శాతం మించకూడదు. సరుగుడు, మామిడి, వేప పొట్టు కిలో చొప్పున తూచి, ఎండబెట్టి, రోజూ మళ్లీ తూచి పాపను నోటుబుక్కులో రాయమనండి. ఇటుక బట్టీలవాళ్లు ఎంతకు కొంటున్నారో కూడా రాయాలి. పొట్టు ఊరికే దొరకదని మీకు తెలుసు, చాలామంది ఇంజినీర్లకు తెలియదు.

సీటు విషయానికొస్తే, ఈఏపీసెట్‌తో ఆంధ్ర విశ్వవిద్యాలయం, జేఈఈతో తాడేపల్లిగూడెం నిట్, విశాఖలోని పెట్రోలియం అండ్ ఎనర్జీ సంస్థ చూడండి. ఆపైన ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్ రాసి ఎంటెక్, పరిశోధన మీద మనసుంటే డెహ్రాడూన్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పెట్రోలియం. 2018లో డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి బయోఇంధనం కలిపి నడిపిన విమానానికి ఆ ఇంధనం చేసింది వాళ్లే.

బంధువుల మాటా కొట్టిపారేయకండి, కోడింగ్ పక్కన నేర్చుకోవచ్చు. ఫిజికల్ కెమిస్ట్రీ లెక్కలు పాపకు ఇష్టమేనా అన్నది మీరు రాయలేదు. థర్మోడైనమిక్స్ (వేడి, శక్తి లెక్కలు) అంటే విసుగైతే ఈ దారి కష్టం. ఆప్షన్లు పెట్టేముందు ఆ ఒక్క మాట పాపనే అడగండి.