ఆకు నిలిచే గులాబీని రూపొందించండి: కొత్త రకం కోరుకునే రైతుకు సమాధానం

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా డెంకాడ మండలం. ఇరవై ఐదు సెంట్ల పాలీహౌస్‌లో ఎర్ర గులాబీ, దాని పక్కన పది సెంట్లలో ఆరుబయట దండల గులాబీ సాగు చేస్తున్నాను. ఈ ఏడాది పాలీహౌస్‌లో ఒక మొక్కకు ఒక్క కొమ్మ మాత్రం ఎరుపు మీద లేత చారలున్న పువ్వులు పూస్తున్నది. దీనిని కొత్త రకంగా పెంచి అమ్ముకోవచ్చునా? ఆరుబయట మొక్కలకు కాసిన కాయల గింజలు తీసి మే నెలలో నారుమడిలో వేస్తే ఒక్కటి కూడా మొలవలేదు. రైతు తన తోటలోనే కొత్త గులాబీ రకాన్ని రూపొందించుకోవడం సాధ్యమేనా? సాధ్యమైతే ఏ పద్ధతి పాటించాలి?

సమాధానం: సాధ్యమే. గులాబీలో కొత్త రకం తీయడానికి పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. ఓపిక, పరిశీలన, ప్రతిదీ రాసి పెట్టుకునే అలవాటు మాత్రం తప్పనిసరి. 1965లో భారత వ్యవసాయ పరిశోధన మండలికి తొలి డైరెక్టర్ జనరల్ అయిన డాక్టర్ బి.పి. పాల్ వృత్తిరీత్యా గోధుమ శాస్త్రవేత్త అయినప్పటికీ, గులాబీల మీద ఇష్టంతో చేసిన సంకరణాల (ఒక రకం పుప్పొడిని మరో రకం పువ్వుకు అద్ది గింజలు తీయడం) ద్వారా దేశానికి ఎన్నో రకాలను అందించారు. మన రాష్ట్రంలో ఐఏఎస్ అధికారిగా పనిచేసిన ఎం.ఎస్. వీరరాఘవన్ కొడైకెనాల్‌లో స్థిరపడి, మన దేశపు అడవి గులాబీలను ఉపయోగించి వేడి ప్రాంతాలకు అనువైన రకాలను రూపొందించారు. కాబట్టి మీ ఆలోచన అత్యాశ కాదు. అయితే మీ ప్రశ్నలో ఉన్నవి రెండు వేర్వేరు దారులు: ఒకటి చారల కొమ్మను అంటుతో నిలుపుకోవడం, రెండోది సంకరణం చేసి గింజల నుంచి కొత్త మొక్కలు తీయడం. వాటి పద్ధతులూ వేరు, చట్టపరమైన హక్కులూ వేరు.

ముందుగా చారల కొమ్మ సంగతి చూద్దాం. మొక్క మొదట్లో మట్టి తొలగించి, ఆ కొమ్మ ఎక్కడి నుంచి పుట్టిందో గమనించండి. అంటు కట్టిన చోటుకు దిగువన, అంటే వేరు మొక్క నుంచి లేచిన పిలక అయితే, దాని ఆకులు, ముళ్లు కూడా పై మొక్కకు భిన్నంగా ఉంటాయి. అది కొత్త రకం కాదు. దానిని మొదలంటా తీసివేయాలి. అంటుకు ఎగువన పాత కొమ్మ నుంచే వచ్చి, ఆకులో ఏ తేడా లేకుండా పువ్వు రంగు మాత్రమే మారి ఉంటే, అది సహజంగా జరిగిన ఉత్పరివర్తనం, అంటే జన్యువుల్లో వచ్చిన మార్పు కావచ్చు. గులాబీలో ఇది అరుదేమీ కాదు. పేరొందిన రకాలలో అనేకం ఇలా ఒక కొమ్మ మీద కనిపించినవే. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ విడుదల చేసిన అభిసారిక రకాన్ని, కిస్ ఆఫ్ ఫైర్ అనే రకంలో ఇటువంటి మార్పునే కృత్రిమంగా రప్పించి తీశారు.

ఇటువంటి మార్పు తరచుగా కొమ్మ కణజాలంలో ఏదో ఒక పొరకే పరిమితమై ఉంటుంది. అందువల్ల అంటు కట్టిన తరువాత కొన్ని మొక్కలు తిరిగి ఎర్ర పువ్వులే పూస్తాయి. చారలు స్పష్టంగా ఉన్న పువ్వును ఎంచుకుని, అదే కాడ మీద పువ్వుకు దిగువన బాగా తయారైన కన్నులను (ఆకు మొదట్లో ఉండే చిగురు మొగ్గలను) తీసి పది పదిహేను వేరు మొక్కలకు కన్ను అంటు కట్టండి. వాటిలో చారలు నిలిచిన మొక్కల నుంచి మళ్లీ కన్నులు తీసి రెండో విడత, ఆపై మూడో విడత అంటు కట్టాలి. వేడి ఎక్కువైతే ఎరుపు దానంతట అదే వెలిసిపోతుంది కాబట్టి, చలికాలం పూతలోనూ వేసవి పూతలోనూ చారలు ఒకే తీరుగా ఉంటేనే మార్పు స్థిరపడిందని భావించాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. మీ పాలీహౌస్‌లోని ఎర్ర గులాబీ రిజిస్టరైన రకమైతే, దాని మీద సహజంగా వచ్చిన మార్పును కూడా 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం మూల రకం నుంచి ఉద్భవించిన రకంగానే చూస్తుంది; మొక్కలు తయారుచేసి అమ్మడానికి మూల రకం హక్కుదారు అనుమతి కావాలి. మొక్కలు కొన్నప్పుడు రాసుకున్న ఒప్పందాన్ని కూడా ఒకసారి చదవండి. సంకరణం సంగతి వేరు. రిజిస్టరైన రకాన్నైనా కొత్త రకం తీయడానికి తల్లిగానో తండ్రిగానో వాడుకునే స్వేచ్ఛను అదే చట్టం ఇస్తున్నది. అందుకే మీ శ్రమలో ఎక్కువ భాగాన్ని చారల కొమ్మ మీద కాక సంకరణం మీద పెట్టమని నా సలహా.

సంకరణంలో అన్నిటికంటే ముఖ్యం తల్లిదండ్రుల ఎంపిక. కొత్తగా మొదలుపెట్టేవారు సాధారణంగా రెండు అందమైన పువ్వులను చూసి కలుపుతారు. మన ఉత్తరాంధ్ర తీరంలో మాత్రం పువ్వుకంటే ముందు ఆకును చూడాలి. దసరా, పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, దీపావళి, కార్తిక మాసం వరుసగా వచ్చే రోజుల్లోనే దండల పువ్వుకు గిరాకీ. సరిగ్గా ఆ రోజుల్లోనే వానకు, ఉక్కకు నల్లమచ్చ తెగులు సోకి మొక్కలు మోడులై నిలబడతాయి. ఆకు మీద అంచులు చీలినట్లుండే నల్లని గుండ్రటి మచ్చ, దాని చుట్టూ పసుపు, వేలితో తాకితే రాలిపోయే ఆకు మీకు కొత్త కాదు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఆకు నిలుపుకుని పూసే గులాబీ ఒక్కటి మీ చేతికి వస్తే, దాని రంగు మామూలుదే అయినా మీకు ఆదాయం ఉంటుంది.

గులాబీ చరిత్రలో ఇందుకు ఒక పాఠం ఉన్నది. ఫ్రాన్సు దేశంలోని లియోన్ నగరానికి చెందిన పెర్నె-డ్యూషే, నిండు పసుపు రంగు కోసం పర్షియన్ ఎల్లో అనే గులాబీతో సంకరణం చేసి 1900లో సొలే డోర్ అనే రకాన్ని విడుదల చేశాడు. నేటి పసుపు, నారింజ రంగు తోట గులాబీలలో చాలా వాటికి ఆ రంగు అక్కడి నుంచే వచ్చింది. అయితే పర్షియన్ ఎల్లో నల్లమచ్చ తెగులుకు సులభంగా లొంగే జాతికి చెందినది కాబట్టి, రంగుతో పాటు ఆ బలహీనత కూడా తరువాతి తరాలకు దిగింది. అందుచేత గత వానాకాలం మీ ఆరుబయటి తోటలో మందు అంతగా అందకపోయినా ఆకు నిలుపుకున్న మొక్కలను గుర్తుపెట్టుకుని, వాటిలో సహజంగా కాయ కట్టే దానిని తల్లిగా తీసుకోండి. కాయ నిలుపుకునే గుణం తల్లికి ఉండాలి. రేకులు మరీ ఎక్కువగా ఉన్న పువ్వుల్లో కేసరాలు రేకులుగా మారిపోయి పుప్పొడి దొరకదు కాబట్టి తండ్రిని కూడా చూసి ఎంచుకోవాలి.

అడవి గులాబీలతో కలపాలని ఉత్సాహం కలిగితే ఒక విషయం గుర్తుంచుకోండి. తోట గులాబీలలో చాలా వాటికి 28 క్రోమోజోములు, అడవి జాతులలో చాలా వాటికి 14 ఉంటాయి. వీటిని కలిపితే వచ్చే 21 క్రోమోజోముల మొక్కలు చాలావరకు గొడ్డువే. పైగా ఏడాదికి ఒకేసారి పూసే జాతితో కలిపినప్పుడు మొదటి తరం మొక్కలు కూడా ఒకేసారి పూస్తాయి. ఏడాది పొడవునా పూసే గుణం ఆ తరువాతి తరాల్లో గాని తిరిగి రాదు. ప్రస్తుతానికి ఏడాది పొడవునా పూసే రెండు రకాల మధ్యనే సంకరణం చేయడం మేలు.

మన జిల్లాల్లో సంకరణానికి తగిన కాలం నవంబరు చివరి వారం నుంచి జనవరి నెలాఖరు వరకు. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న, తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న తీరం దాటాయని మీకు తెలుసు. ఆ నెలలో చేసిన సంకరణం గాలివానకు పోవచ్చు, ఫిబ్రవరి దాటితే ఎండకు కాయ నిలవదు. మరుసటి రోజు విచ్చుకోబోయే మొగ్గను తల్లి మొక్క మీద ఎంచుకుని, సాయంత్రం రేకులన్నిటినీ జాగ్రత్తగా తీసివేయండి. లోపల పసుపు తిత్తులతో కనిపించే కేసరాలను అవి పగలకముందే పట్టుకారుతో ఒక్కటి మిగలకుండా తీసి, మధ్యనున్న, పుప్పొడిని అందుకునే కీలాగ్రాల గుత్తికి దెబ్బ తగలకుండా పలుచని కాగితపు సంచి తొడగాలి. అదే రోజు తండ్రి మొక్క నుంచి విచ్చుకోబోయే మొగ్గల తిత్తులను కోసి, తెల్ల కాగితం మీద నీడలో ఆరబెడితే, మరునాటికి అవి పగిలి పసుపు పొడి రాలుతుంది. ఉదయం ఎండ ముదరకముందు సంచి తీసి, కీలాగ్రాలు జిగటగా మెరుస్తున్నప్పుడు ఆ పొడిని చిన్న కుంచెతో గాని వేలి కొనతో గాని అద్ది, మళ్లీ సంచి తొడగండి. తరువాతి రోజు మరోసారి అద్దితే గింజలు బాగా పడతాయి. తల్లి పేరు, తండ్రి పేరు, తేదీ రాసిన చీటీని వెంటనే కట్టండి. చీటీ లేని కాయ ఎంత బాగున్నా పరిశోధనకు పనికిరాదు.

కాయ పండడానికి సుమారు నాలుగు నెలలు పడుతుంది. ఆకుపచ్చ పోయి పసుపు లేదా నారింజ రంగు తిరిగినప్పుడు కోసి, గింజలు తీసి, గుజ్జు పోయేలా కడిగి, నీటిలో మునిగిన వాటిని నీడన ఆరబెట్టి కాగితపు కవర్లలో ఫ్రిజ్‌లో ఉంచండి. మే నెలలో మీరు వేసిన గింజలు మొలవకపోవడానికి కారణం ఇక్కడే ఉన్నది: గులాబీ గింజకు పెంకు గట్టిది, లోపల నిద్రావస్థ ఉంటుంది, చల్లదనం తగలనిదే అది వీడదు, పైగా మే నెల వేడి మొలకకు పనికిరాదు. ఆగస్టు నెలాఖరున గింజలకు థైరమ్ అనే తెగులు మందు పట్టించి, పిండితే నీరు కారనంత తేమ ఉన్న కొబ్బరి పొట్టులో కలిపి, ప్లాస్టిక్ కవరులో ఫ్రిజ్ కింది అరలో సుమారు 4 డిగ్రీల చల్లదనంలో ఎనిమిది నుంచి పది వారాలు ఉంచాలి; మంచు గడ్డకట్టే అరలో పెట్టకూడదు. నవంబరులో ప్రోట్రేలలో ఒక సెంటీమీటరు లోతున వేసి షేడ్‌నెట్ కింద పెంచండి. మొలక ఒకేసారి రాదు, వారాల తరబడి ఒక్కొక్కటిగా వస్తుంది. మూడింట ఒక వంతు మొలిచినా మంచి ఫలితమే.

ఒకే కాయలోని గింజల నుంచి వచ్చిన ఏ రెండు మొక్కలూ ఒక్కలా ఉండవు. మొలిచిన రెండు నెలలకే జానెడు ఎత్తులో తొలి మొగ్గ వేస్తాయి. ఆ పువ్వులో రేకులు తక్కువగా ఉంటాయి కాబట్టి దానిని చూసి మొక్కను పీకవద్దు, రంగును మాత్రం రాసుకోండి. అసలు పరీక్ష వానాకాలంలోనే. జులై నుంచి అక్టోబరు వరకు ఈ మొక్కలకు తెగులు మందు ఏదీ చల్లకండి. మంచి పువ్వు పూసిన మొక్క తెగులుకు మోడైతే దానిని కాపాడాలని మనసు లాగుతుంది. అలా కాపాడితే ఆ బలహీనతను మీరే తరువాతి తరానికి అందించినవారవుతారు. పెద్ద కంపెనీలు ఏటా వేలాది మొలకలు పెంచి చివరకు కొద్దింటినే నిలుపుకుంటాయి. మీరు కొన్ని వందల మొలకలు పెంచగలిగితే చాలు, వాటిలో ఒకటి రెండు నిలిచినా పని ఫలించినట్లే.

పాలీహౌస్ కోసం ఎంపిక వేరుగా జరగాలి. అక్కడ ఆకు మీద వాన పడదు కాబట్టి, ఆకు గంటల తరబడి తడిగా ఉంటేనే సోకే నల్లమచ్చ తక్కువ. తడి అవసరం లేని బూడిద తెగులు, నల్లి, తామర పురుగులు ఎక్కువ. కాడ పొడవు, మెడ వంగకపోవడం, నీటిలో పెట్టిన పువ్వు ఎన్ని రోజులు నిలిచింది అన్నవి అక్కడి లెక్కలు. ఆరుబయట పువ్వుకు మాత్రం తెల్లవారుజామున కోసి బస్తాలో విశాఖ పూర్ణా మార్కెట్‌కు చేర్చేసరికి రేకులు రాలకపోవడం, సువాసన ముఖ్యం. ఒకచోట గెలిచిన మొక్క రెండోచోట కూడా గెలుస్తుందని అనుకోవద్దు.

చివరకు మిగిలిన మొక్క నుంచి మూడు విడతలుగా అంటు కట్టి, పువ్వు, ఆకు, ముల్లు ఒకే తీరుగా వస్తున్నాయని నిర్ధారించుకున్నాక పైన చెప్పిన చట్టం కింద రిజిస్ట్రేషన్‌కు వెళ్లండి. రకం ఇతర రకాలకు భిన్నంగా, అన్ని మొక్కల్లో ఒకేలా, తరతరానికి స్థిరంగా ఉండాలన్నది నియమం. దరఖాస్తుకు ఏడాదికి మించి ముందు మన దేశంలో అమ్మిన రకాన్ని చట్టం కొత్తదిగా అంగీకరించదు. అందువల్ల పరీక్షల దశలో ఆ పువ్వులను గాని, అంటు మొక్కలను గాని అమ్మకండి, కన్నులు ఎవరికీ ఇవ్వకండి. సంకరణం పుస్తకం, చీటీలు, రెండు కాలాల ఫోటోలు తీసుకుని మీ మండల ఉద్యాన అధికారిని గాని, రస్తాకుంటుబాయి కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలను గాని సంప్రదిస్తే దరఖాస్తు నింపడంలో సహాయపడతారు. రైతులకు ఫీజు మినహాయింపును చట్టమే కల్పించింది.