గుంతలో పడ్డ కారు: క్లెయిమ్ వేయాలా, సొంతంగా కట్టుకోవాలా?

వానలు పడితే చాలు, ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో సగం గుంతల గురించే ఉంటాయి. ఈసారి వాటికే చోటిస్తున్నాం.

ప్రశ్న: మా హ్యాచ్‌బ్యాక్ కొని మూడేళ్ల నాలుగు నెలలైంది. 1200 సీసీ పెట్రోలు బండి. నీళ్లు నిండిన గుంతలో ముందు ఎడమ చక్రం పడింది. షోరూంలో రూ.22,500కి ఎస్టిమేట్ ఇచ్చారు. అల్లాయ్ వీల్ 9,500, టైరు 6,200, చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ 3,400, సస్పెన్షన్ లింక్ రాడ్ 900, లేబరు, అలైన్‌మెంట్ కలిపి 2,500. ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది, తరుగు కోయకుండా ఇచ్చే జీరో డెప్ తీసుకోలేదు. ఇంతవరకు ఒక్క క్లెయిమూ వేయలేదు, 35 శాతం బోనస్ (క్లెయిమ్ వేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) నడుస్తోంది. క్లెయిమ్ వేసేయమని షోరూం వాళ్లు, వద్దని మా బావగారు. ఎవరి మాట వినాలి?
— పాఠకుడు, హనుమకొండ

జవాబు: ముందు ఇన్సూరెన్స్ కంపెనీ ఎంతిస్తుందో లెక్కేద్దాం. మూడు నుంచి నాలుగేళ్ల మధ్య బండికి ఇనుము, అల్యూమినియం భాగాల మీద 25 శాతం తరుగు కోస్తారు. రబ్బరు, ప్లాస్టిక్, టైర్ల మీద బండి వయసుతో పని లేకుండా 50 శాతం. లేబరు మీద కోత ఉండదు. ఆ ప్రకారం అల్లాయ్‌కి 7,125, లోయర్ ఆర్మ్‌కి 2,550, లింక్ రాడ్‌కి 675, టైరుకి 3,100, లేబరుకి 2,500. మొత్తం 15,950. ఇందులోంచి ప్రతి క్లెయిములో మీరే భరించాల్సిన తప్పనిసరి మినహాయింపు, 1,500 సీసీ లోపు కారుకు రూ.1,000 పోతుంది. మీ చేతికి 14,950. మీ జేబులోంచి 7,550.

ఇక పోయేది చూడండి. షోరూం వాళ్లు ఈ లెక్క చెప్పరు, ఎందుకంటే అది వాళ్ల బిల్లులో కనపడదు. క్లెయిమ్ వేయకపోతే వచ్చే ఏడాది మీ బోనస్ 45 శాతం, ఆపై ఏటా 50. వేస్తే వచ్చే ఏడాది సున్నా, తర్వాత వరుసగా 20, 25, 35, 45. ఏడాదికేడాది తేడాలు 45, 30, 25, 15, 5. కూడితే 120 శాతం. అంటే బోనస్ తీయక ముందున్న ఓన్ డ్యామేజ్ (మీ సొంత బండి దెబ్బకి కట్టే) ప్రీమియానికి 1.2 రెట్లు అయిదేళ్లలో ఎక్కువ కడతారు. ఆ ప్రీమియం రూ.8,000 అనుకుంటే 9,600, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 11,328. బండి విలువ తగ్గేకొద్దీ ప్రీమియమూ తగ్గుతుంది కాబట్టి నిజంగా పడే భారం ఇంతకన్నా కొంచెం తక్కువే. పాలసీ కాగితంలో ఎదుటివాళ్లకి జరిగే నష్టం కోసం కట్టే థర్డ్ పార్టీ ప్రీమియం వేరుగా ఉంటుంది, దాన్ని ఈ లెక్కలోకి తేవద్దు. బోనస్‌కీ దానికీ సంబంధం లేదు.

కాబట్టి ఈ ఎస్టిమేట్ యథాతథంగా నిలబడితే క్లెయిమ్ వల్ల మీకు మూడున్నర వేలు, మహా అయితే ఇంకో వెయ్యి లాభం. ఎస్టిమేట్ నిలబడుతుందా అన్నదే అసలు సంగతి. ఆ 9,500 అల్లాయ్‌ని చక్రం విప్పి లోపలి వైపు చూడండి. లోపలి అంచు మాత్రమే వంగి ఉంటే అల్లాయ్ రిపేరు చేసేవాళ్ల దగ్గర సరవుతుంది. చువ్వల్లో గానీ, చువ్వ అంచుతో కలిసే చోట గానీ సన్నగా పగులు కనపడితే మాత్రం వెల్డింగ్ మాటే ఎత్తకండి, కొత్తదే వేయించాలి. అల్లాయ్ మార్చే పని లేదని తేలితే బిల్లు దాదాపు 13,000కి దిగుతుంది. అప్పుడు కంపెనీ ఇచ్చేది 7,825. పోయేది పదకొండు వేల పైన. ఆ పరిస్థితిలో మీ బావగారిదే సరైన మాట.

మొదటి పాలసీ ఏడాదిలోనే గుంతలో పడ్డవారికి ఈ లెక్క వేరు. వాళ్లకి ఇంకా బోనస్ పేరుకోలేదు కాబట్టి ఇదే పద్ధతిలో లెక్కేస్తే నష్టం ప్రీమియంలో సగమే. 50 శాతం బోనస్ ఉన్నవాళ్లకి 1.25 రెట్లు. ఈ పాలసీ ఏడాదిలో ఇప్పటికే ఒక క్లెయిమ్ వేసి ఉంటే బోనస్ ఎలాగూ పోయింది, రెండోదానికి వెనకాడక్కర్లేదు. బోనస్ రక్షణ యాడ్-ఆన్ (విడిగా డబ్బు కట్టి తీసుకునే అదనపు కవరు) ఉంటే ఎన్ని క్లెయిములదాకా పనిచేస్తుందో పాలసీలో చూసుకోండి.

నిర్ణయం తేలేదాకా కంపెనీకి సమాచారం ఇవ్వకుండా కూర్చోవద్దు. ఆలస్యం చేస్తే అదే సాకవుతుంది. ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకోండి. డబ్బు చెల్లించక ముందే వద్దనుకుంటే ఉపసంహరించుకుని, చెల్లింపు లేకుండా మూసేసినట్టు మెయిల్ తెప్పించుకోండి. నష్టం లెక్కగట్టడానికి కంపెనీ పంపే సర్వేయర్ చూసేదాకా, చూసుకోవడానికి చక్రం తప్ప ఏదీ విప్పనివ్వకండి. పాత భాగాలు పారేయనివ్వకండి. గుంత, చక్రం, నంబరు ప్లేటు ఒకే ఫొటోలో పడేలా తీస్తే సగం ప్రశ్నలు అక్కడే ఆగిపోతాయి.

ప్రశ్న: గుంతలో పడ్డాక ముందు టైరు పక్కన కోడిగుడ్డంత ఉబ్బు వచ్చింది. గాలి దిగడం లేదు. పంక్చర్ షాపతను లోపల ప్యాచ్ వేస్తే చాలంటున్నాడు. ఇన్సూరెన్స్ వాళ్లు టైరు ఒక్కటే పోతే రాదన్నారు. నిజమేనా?
— పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఇన్సూరెన్స్ వాళ్లు చెప్పింది నిజం. మామూలు ప్యాకేజీ పాలసీలో, అదే ప్రమాదంలో బండికి కూడా దెబ్బ తగిలితేనే టైరుకు డబ్బిస్తారు, అదీ సగమే. జీరో డెప్ ఉన్నా చాలా పాలసీల్లో టైర్లను దాన్నుంచి తప్పిస్తారు. టైరు రక్షణ యాడ్-ఆన్ విడిగా ఉంటేనే మొత్తం వస్తుంది. అయితే రిమ్ము అంచు కూడా వంగి ఉంటే అది బండికి తగిలిన దెబ్బే. చక్రం విప్పి రెండు వైపులా చూసి ఫొటో తీశాకే మళ్లీ మాట్లాడండి.

పంక్చర్ షాపతని మాట మాత్రం వినొద్దు. టైరు పక్క గోడలో ఉండే దారాల వరస గుంత అంచుకీ రిమ్ముకీ మధ్య నలిగి తెగిపోతుంది. అక్కడ గాలి ఒత్తిడిని ఆపేది పైనున్న రబ్బరొక్కటే. అందుకే ఉబ్బు. ప్యాచ్ గాలిని ఆపుతుందే కానీ తెగిన దారాలను కలపదు. ఎండలో హైవే మీద వేగంగా పోతుంటే ఆ చోటే పేలుతుంది. స్టెప్నీ వేసుకుని ఊళ్లోనే నెమ్మదిగా తిరగండి, ఈలోగా టైరు మార్చండి. రెండో ముందు టైరు బాగా అరిగి ఉంటే జతగా మార్చి, మంచిగా ఉన్న పాతదాన్ని స్టెప్నీకి పెట్టుకోండి.

ఉబ్బు లేకుండా రెండు మూడు రోజులకోసారి గాలి తగ్గుతుంటే రిమ్ము అంచు చుట్టూ సబ్బు నీళ్లు పోసి చూడండి. బుడగలు అక్కడ వస్తే తప్పు టైరుది కాదు, రిమ్ముది.

ప్రశ్న: రాత్రి పూట గుంతలో కింద గట్టిగా తగిలింది. ఎర్ర ఆయిల్ లైటు వెలిగింది. దగ్గర్లో మెకానిక్ లేక పన్నెండు కిలోమీటర్లు నడిపి ఇంటికి చేరాను. ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే ఛాంబర్ పగిలిందట, ఇంజన్ పట్టేసింది. కంపెనీ ఛాంబర్‌కే డబ్బిస్తామంటోంది, ఇంజన్‌కి ఇవ్వనంటోంది.
— పాఠకుడు, నల్గొండ

జవాబు: కష్టమైన సంగతే, కానీ కంపెనీ వాదనకు పాలసీలో ఆధారం ఉంది. ఛాంబర్ పగలడం ప్రమాదం. ఆయిల్ లేకుండా నడపడం వల్ల ఇంజన్ పోవడాన్ని పాలసీ ‘పర్యవసాన నష్టం’ కింద తీసేస్తుంది. ఇంజన్ రక్షణ యాడ్-ఆన్ ఉంటేనే దారి తెరుచుకుంటుంది. అందులోనూ హెచ్చరిక లైటు వెలిగాక నడిపితే ఏమవుతుందో షరతుల్లో చదవండి. యాడ్-ఆన్ లేకపోతే ఛాంబర్, దాని గాస్కెట్, లేబరు మాత్రం తప్పకుండా రాబట్టుకోండి. ఇంజన్ ఆయిల్‌కి డబ్బు రావాలంటే కన్స్యూమబుల్స్ (ఆయిల్ లాంటి ఖర్చయిపోయే వస్తువుల) యాడ్-ఆన్ ఉండాలి.

తిరస్కరణ అన్యాయమనిపిస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (ఇలాంటి ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరకు వెళ్లొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఏడాది దాటనివ్వకండి.

మిగతా పాఠకులు గుర్తుంచుకోవాల్సింది ఆ ఎర్ర లైటు. అది ఆయిల్ ఎంతుందో చెప్పేది కాదు, ఆయిల్ ఒత్తిడి పడిపోయిందని చెప్పేది. చిన్న కార్లలో ఉండేదే మూడు నాలుగు లీటర్లు, పగిలిన ఛాంబర్‌లోంచి నిమిషాల్లో కారిపోతుంది. లైటు చూడగానే పక్కకు తీసి ఇంజన్ ఆపాలి, ‘ఇంకొంచెం దూరమే కదా’ అనుకోకూడదు. బండిని తీసుకెళ్లడానికి మామూలు పాలసీలోనే రూ.1,500 దాకా ఇస్తారు, రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉంటే అదీ అక్కర్లేదు. ముందు చక్రాలతో నడిచే కారుని ఈడ్చుకెళ్లాల్సి వస్తే ముందు భాగం పైకెత్తి లాగాలి.

ఛాంబర్ రేకుదైతే పగలకుండా లోపలికి సొట్ట పడుతుంది. కారడం లేదు కదా అని వదిలేస్తారు. ఆ సొట్ట ఆయిల్ పీల్చే జాలీకి ఆనుకుంటే ఆయిల్ నిండుగా ఉన్నా పైకి ఎక్కదు. సొట్ట పడితే ఛాంబర్ విప్పించి చూడాల్సిందే.

ప్రశ్న: గుంతలో పడ్డాక మూడుసార్లు అలైన్‌మెంట్ చేయించినా కారు ఎడమకే లాగుతోంది. నాలుగోసారి ‘క్యాంబర్ బెండ్’ తీయాలన్నారు. తీయించమంటారా?
— పాఠకుడు, విజయవాడ

జవాబు: వద్దు. చాలా చిన్న కార్లలో ముందు చక్రం క్యాంబర్‌ను, అంటే చక్రం లోపలికో బయటికో ఒరిగే కోణాన్ని సర్దడానికి బోల్టు ఏర్పాటే ఉండదు. అలైన్‌మెంట్‌లో సర్దేది టో, అంటే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం ఒక్కటే. క్యాంబర్ తేడా చూపిస్తోందంటే లోయర్ ఆర్మ్ గానీ, షాకబ్జర్ గొట్టం గానీ, చక్రం బిగించే నకిల్ గానీ వంగిందని అర్థం. కొన్ని షాపుల్లో చేసే ‘బెండ్’ అంటే జాకీ పెట్టి షాకబ్జర్‌ని ఎదురు వైపు వంచడమే. అలైన్‌మెంట్ తెర మీద అంకెలు పచ్చగా మారతాయి, వంగిన భాగం వంగినట్టే ఉంటుంది, పైగా బాగున్నదీ వంగుతుంది.

అలైన్‌మెంట్ ప్రింట్ తీసుకోండి. కుడి, ఎడమ అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే ఏ వైపు తేడా ఉందో తెలుస్తుంది. అంతకంటే ముందు ముందు టైర్లు రెండూ అటుదిటు మార్చి నడిపి చూడండి. లాగుడు కుడికి మారితే లోపం టైరులోనే ఉంది.

శబ్దాలూ దారి చూపిస్తాయి. చిన్న ఎగుడుదిగుళ్ల మీద టక్ టక్‌మంటే లింక్ రాడ్ లేదా లోయర్ ఆర్మ్ బుష్. వేగంతో పాటు పెరిగే హోరు బేరింగ్‌ది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలినప్పుడు కటకటలాడితే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్. 80 దాటాక స్టీరింగ్ వణికితే ముందు బ్యాలెన్సింగ్, అదీ కుదరకపోతే రిమ్ము వంపు చూపించండి. షాకబ్జర్ మీద తడి నూనె కనిపిస్తే సీలు పోయింది, దాన్ని జతగానే మార్చాలి. అదే నూనె మీద దుమ్ము గట్టిపడి ఉంటే పాత లీకు. సర్వేయర్ దాన్ని అరుగుదల కింద కొట్టేస్తాడు, వాదించి లాభం లేదు.

ప్రశ్న: కారుకి మూడేళ్ల ఇన్సూరెన్స్ అని చెప్పి అమ్మారు. రెండో ఏడాది గుంతలో పడితే పాలసీయే లేదంటున్నారు!
— పాఠకుడు, కరీంనగర్

జవాబు: 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ తప్పనిసరి. మీ కారు రిపేరుకి పనికొచ్చే ఓన్ డ్యామేజ్ భాగాన్ని ఎక్కువగా ఏడాదికే ఇస్తారు. మీది అలా ముగిసినట్టుంది. ఈ దెబ్బకి దారి లేదు. ఓన్ డ్యామేజ్ విడిగా కొనుక్కోండి, ముందు బండిని తనిఖీ చేస్తారు. ఇప్పుడున్న దెబ్బను దాచి తర్వాత క్లెయిమ్ వేస్తే ఆ తనిఖీ ఫొటోలే అడ్డుపడతాయి.

ప్రశ్న: రోడ్డు వాళ్లది, పన్ను మాది. రిపేరు ఖర్చు మునిసిపాలిటీ దగ్గర వసూలు చేయలేమా?
— పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అడిగే హక్కు ఉంది, తేలిగ్గా వచ్చే దారి లేదు. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 198ఏ సెక్షన్ రోడ్డు కట్టినవాళ్లకీ, నిర్వహించేవాళ్లకీ లక్ష రూపాయల దాకా జరిమానా వేస్తుంది. కానీ అది మరణం, వైకల్యం సంభవించినప్పుడే. రిమ్ము వంగితే వర్తించదు. సివిల్ దావా వేయొచ్చు కానీ పాతిక వేల బిల్లుకి అది గిట్టుబాటయ్యే పని కాదు.

టోల్ కట్టిన రోడ్డయితే మీ వాదనకు కాస్త బలం వస్తుంది, ఎందుకంటే అక్కడ డబ్బు కట్టి సేవ పొందారు. ఫాస్టాగ్ రసీదు, గుంత ఫొటో, బిల్లు పెట్టి ముందు టోల్ నిర్వహించే సంస్థకు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి. జవాబు లేకపోతే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. సేవకు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫిర్యాదు ఫీజు లేదు. గెలుపు ఖాయమని మాత్రం చెప్పను.

డబ్బు రాకపోయినా గుంతపై ఫిర్యాదు నమోదు చేయండి. జాతీయ రహదారైతే 1033, జీహెచ్‌ఎంసీ పరిధిలో 040-21111111. ఆ ఫిర్యాదు నంబరు, తేదీ మీ క్లెయిమ్ ఫైల్లో ఉంటే ప్రమాదం ఎక్కడ, ఎప్పుడు జరిగిందన్న దానికి సాక్ష్యమవుతాయి. ఆ రోడ్డు ఎవరు వేశారు, మరమ్మతు పూచీ ఎన్నేళ్లు అని పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు కింద అడగండి. 30 రోజుల్లో చెప్పాలి. పూచీ గడువు ఇంకా ఉందని తెలిస్తే గుంత పూడ్చాల్సింది కాంట్రాక్టరే.

ప్రశ్న: ఎలక్ట్రిక్ కారు అడుగు రాయికి తగిలింది. బాగానే నడుస్తోంది. ఇంటికెళ్లి ఛార్జింగ్ పెట్టొచ్చా?
— పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: అడుగున బ్యాటరీ పెట్టె మీద సొట్ట గానీ, డాష్ మీద ఏదైనా హెచ్చరిక గానీ, కింద ద్రవం కారడం గానీ ఉంటే పెట్టొద్దు. ఇంటి గోడకు ఆనించి కాకుండా ఖాళీ స్థలంలో నిలిపి, ఫ్లాట్‌బెడ్ లారీ మీద సర్వీస్ సెంటర్‌కి పంపండి. లిఫ్ట్ మీద పెట్టి పెట్టె సీలు, ఇన్సులేషన్ పరీక్ష చేయించి రిపోర్టు తీసుకోండి. పెద్ద సొట్టకి మొత్తం బ్యాటరీ మార్చాలంటే మాత్రం పైన చెప్పిన బోనస్ లెక్కలేవీ వేసుకోకుండా క్లెయిమ్ వేసేయండి.