విండో అంచు చేతికి చిక్కడం లేదా?

ప్రశ్న: ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. విండోస్ 11 ఉన్న కొత్త ల్యాప్‌టాప్ ఇచ్చిన దగ్గర్నుంచి విండో సైజు మార్చడం పెద్ద టెన్షన్ అయిపోయింది. అంచు పట్టుకున్నాననుకుని లాగితే వెనకున్న ఇంకో విండో ముందుకొచ్చేస్తుంది. పాత కంప్యూటర్‌లో ఈ బాధ లేదు. టచ్‌ప్యాడ్ పాడైందంటారా? (ఒక పాఠకురాలు, విజయవాడ)

జవాబు: టచ్‌ప్యాడ్ బాగానే ఉండి ఉంటుందండీ, మీ చేతిలోనూ లోపం లేదు. విండోస్ 8.1 దాకా విండో చుట్టూ మందపాటి చట్రం కంటికి కనిపించేది, దాన్నే పట్టుకుని లాగేవాళ్ళం. 2015లో వచ్చిన విండోస్ 10లో దాన్ని సన్నటి గీతగా మార్చేశారు, అదే ఇప్పటికీ నడుస్తోంది. అంత సన్నటి గీతను పట్టుకోవడం ఎవరి వల్లా కాదు కాబట్టి, గీతకు బయటి వైపు కొన్ని పిక్సెళ్ళ (తెర మీది చుక్కల) మేర కంటికి కనిపించని పట్టీ ఒకటి వదిలారు. సైజు మార్చేది చాలావరకు ఆ పట్టీయే, గీత కాదు.

నోట్‌ప్యాడ్ తెరిచి, మౌస్ బాణాన్ని లోపలి నుంచి కుడి అంచు మీదుగా మెల్లగా బయటికి తీసుకెళ్ళండి. గీత దగ్గర బాణం రెండు మొనల బాణంగా మారుతుంది, గీత దాటాక కూడా కాసేపు అలాగే ఉండి, ఇంకొంచెం జరిపితే మళ్ళీ మామూలైపోతుంది. మీకు దొరికే చోటంతా ఆ కాస్తే. దాన్ని కూడా దాటి నొక్కారనుకోండి, ఆ నొక్కు వెనకున్న విండోకి తగులుతుంది, మీకు జరుగుతున్నది అదే. పై అంచు దగ్గర మాత్రం లెక్క వేరు, అక్కడ పట్టు విండో పేరు కనిపించే టైటిల్ బార్ లోపలే ఉంటుంది.

పట్టీని బయట పెట్టడంలో అర్థం ఉంది. కుడి అంచుకు ఆనుకునే స్క్రోల్ బార్ ఉంటుంది కదా, పట్టీ కూడా లోపలే ఉంటే స్క్రోల్ చేయబోయిన ప్రతిసారీ విండో సాగిపోతుంది. కానీ దాన్ని కంటికి కనిపించకుండా చేయడాన్ని మాత్రం నేను ఒప్పుకోను. గురి ఎంత చిన్నదైతే, ఎంత దూరంలో ఉంటే దాన్ని అందుకోవడానికి అంత ఎక్కువ సమయం పడుతుందని పాల్ ఫిట్స్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1954లోనే లెక్కగట్టి చూపించాడు. ఇక్కడ గురి చిన్నదవడమే కాదు, అసలెక్కడుందో కూడా చెప్పడం లేదు. మ్యాక్‌లో 2011 దాకా కింది కుడి మూల నుంచి మాత్రమే సైజు మార్చే వీలుండేది, అయితే ఆ మూలలో గీతలు గీసి పట్టు ఇక్కడ అని చూపించేవారు. ఆ ఏడాది లయన్ వెర్షన్‌లో అన్ని అంచులకూ వీలు ఇచ్చి, ఆ గీతలు తీసేశారు. 2025లో వచ్చిన టాహో వెర్షన్‌లో మూలలు మరీ గుండ్రం చేశారు, దాంతో మూల పట్టుకోవాలంటే చాలావరకు విండో లేని ఖాళీలో నొక్కాల్సి వచ్చింది. అందం కోసం చేతికున్న ఆధారం తీసేయడం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

మీ పనికి తేలికైన దారి: విండోస్ మీట పట్టుకుని ఎడమ బాణం మీట నొక్కండి, విండో ఎడమ సగానికి అతుక్కుంటుంది. రెండోదాన్ని కుడి సగంలో ఎంచుకుని, రెంటి మధ్య గీతను లాగితే రెండూ కలిసి సర్దుకుంటాయి. లినక్స్‌లో కేడీఈ అనే డెస్క్‌టాప్ వాడేవాళ్ళు ఇంకా అదృష్టవంతులు, అదే విండోస్ మీట పట్టుకుని మౌస్ కుడి బటన్‌తో విండోలో ఎక్కడ లాగినా సైజు మారుతుంది, అంచు వెతికే పనే లేదు.

ప్రశ్న: ఒక సాఫ్ట్‌వేర్‌లో సెట్టింగ్స్ తెరిస్తే ఓకే బటన్ స్క్రీన్ కిందికి పోతోంది, పైకి లాగితే రావడం లేదు. (ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: ఆల్ట్, స్పేస్ కలిపి నొక్కి, ఎమ్ కొట్టి, పై బాణం మీట నొక్కుతూ పోండి. బటన్ కనిపించాక ఎంటర్ కొట్టండి. అది కుదరకపోతే డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో స్కేల్ (తెర మీద అన్నీ ఎంత పెద్దగా కనిపించాలనే కొలత) 125 శాతం ఉంటే 100 చేసి, పని అయ్యాక మళ్ళీ పెంచుకోండి.

ప్రశ్న: విండోస్ ప్రోగ్రాముల తెరలు తయారుచేసే విండోస్ ఫారమ్స్‌లో ఒక చిన్న స్కూల్ సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను. ఇంగ్లిష్‌లో బాగానే ఉంది, తెలుగు పెడితే బటన్ల మీద అక్షరాలు కింద కోసుకుపోతున్నాయి. ఫాంటు మార్చాలా? (ఒక విద్యార్థి, హైదరాబాద్)

జవాబు: ఫాంటు మార్చినా పూర్తిగా పోదు. మీరు బటన్ ఎత్తును పిక్సెళ్ళలో బిగించేసి ఉంటారు, అదీ ఇంగ్లిష్ అక్షరాల కొలతకు. మనకు పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి, ‘రాష్ట్రం’ అని రాస్తే ‘ష’ కింద రెండు ఒత్తులు పడాలి, వాటికి చోటు లేకపోతే కోసేస్తుంది. అందుకని ఎత్తును అక్షరాలే నిర్ణయించేలా ఆటోసైజ్ ఆన్ చేసి, బటన్లను గళ్ళలో సర్దే టేబుల్ లేఅవుట్ ప్యానెల్‌లో పెట్టండి. జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో మొదటి నుంచీ బటన్ల చోటును, కొలతను తామే సర్దే లేఅవుట్ మేనేజర్లు పెట్టింది కూడా ఇందుకే, ఒక్కో కంప్యూటర్‌లో ఫాంటు కొలత ఒక్కోలా ఉంటే పిక్సెల్ లెక్కలు నిలబడవు.

విండో పెంచినప్పుడు విద్యార్థుల పట్టిక కూడా పెరగాలంటే దాని యాంకర్‌ను (ఏ అంచులకు కట్టి ఉంచాలో చెప్పే సెట్టింగ్‌ను) నాలుగు వైపులా పెట్టండి, సేవ్ బటన్‌కు కింద, కుడి చాలు. ఫారమ్‌కు మినిమమ్ సైజు ఇవ్వడం మర్చిపోవద్దు. ఇచ్చేముందు స్కేల్ 150 శాతం చేసి, అన్ని లేబుళ్ళూ తెలుగులో పెట్టి, విండోను ఎంత చిన్నది చేయగలిగితే అంత చేసి చూడండి. ఏ బటన్ మాయమైందో, ఏ ఒత్తు తెగిందో మీకే కనిపిస్తుంది.