అడ్తి చిట్టాల తేదీలు: కదిలేవి, కదలనివి

బిడ్డా,

వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డుల అడ్తి (రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే) దుకాణం లెక్కలు ఇగ నుంచి నువ్వే రాస్తవని తెలిసి సంబురమైంది. వరుస వరుసకు తేదీ కొట్టుడు యాష్టకొస్తుంది, ఎక్సెల్‌ల దానంతటదే పడే ఉపాయం చెప్పుమన్నవ్. ఫార్ములాలు ఇక్కడ తెలుగులో రాస్తున్న, నువ్వు మాత్రం ఇంగ్లీషు అక్షరాలే కొట్టు.

ముందుగాల ఒక్కటి తేల్చుకో. చిట్టాల రెండు తీర్ల తేదీలుంటయి. తక్‌పట్టీ, అంటే సరుకు అమ్మినంక రైతుకిచ్చే లెక్క చీటీ, రాసిన నాటి తేదీ ఒకటి, అది రాసిన్నాడే అక్కడ గడ్డకట్టాలె. పైసలు రావాల్సి ఎన్ని రోజులైందో చూసే తేదీ ఇంకోటి, అది రోజూ కదలాలె. ఒకదాని జాగల ఇంకోటి పెడితే ఖాతా మొత్తం ఆగమైతది.

తక్‌పట్టీ తేదీకి ఫార్ములానే వద్దు. గడిల నిలబడి కంట్రోల్ పట్టుకొని సెమీకోలన్ కొట్టు. ఆనాటి తేదీ పడ్తది, మళ్ల మారది. కంట్రోల్, షిఫ్ట్ రెండూ పట్టుకొని అదే మీట కొడితే టైమ్ పడ్తది. ఈ తేదీ కంప్యూటర్ గడియారం నుంచి వచ్చేది. పాత డబ్బాలల్ల లోపలి బిళ్ల బ్యాటరీ అయిపోయి తేదీ ఎన్కకు పోతది, అందుకే పొద్దున తెరవంగనే స్క్రీన్ కింది మూలకున్న తేదీని ఒక చూపు చూడు.

చానామంది ఇక్కడ =టుడే() అని పెడ్తరు. ఆ రోజు మంచిగనే కనపడ్తది. తెల్లారి ఫైల్ తెరిస్తే నిన్నటి వరుస గూడ ఇయ్యాల్టి తేదీకి వస్తది. జనవరిల కాంటా అయిన మిర్చికి మార్చి తేదీ పడితే రైతుకు ఏం చూపిస్తవ్? ఇప్పటికే అట్ల పెట్టి ఉంటే కాపీ చేసి పేస్ట్ స్పెషల్‌ల వాల్యూస్ నొక్కుతే కదులుడు ఆగుతది గని, పోయిన తేదీలు తిరిగి రావు. తక్‌పట్టీ బుక్కు ముందటేసుకొని మళ్ల కొట్టుడే.

టుడేకు అసలు జాగ బాకీ లెక్కల ఉన్నది. ఖరీదుదారుకు సరుకు పోయిన తేదీ ఏ2ల ఉంటే, డీ2ల =టుడే()-ఏ2 అని రాయి, ఎన్ని రోజులైందో వస్తది. 15 రావాల్సిన చోట 15-01-1900 అని వస్తే బెదరకు. ఎక్సెల్‌కు తేదీ అంటే ఒక అంకెనే: 1900 జనవరి 1 దానికి 1, 2025 ఏప్రిల్ 1 దానికి 45748. కంట్రోల్ 1 కొట్టి ఆ గడి ఫార్మాట్ జనరల్‌కు మార్చు, చాలు.

ఇగ వరుసగ తేదీలు నింపుడు. మొదటి గడిల తేదీ కొట్టి, దాని కింది కుడి మూలకున్న చిన్న చుక్కను పట్టి కిందికి గుంజు, రోజుకొకటి పెరుగుతది. మౌస్ కుడి మీటతోని గుంజి ఇడిస్తే రోజులా, నెలలా, ఏండ్లా అని అడుగుతది. ఏడాది మొత్తానికైతే గుంజుడెందుకు? హోమ్‌ల ఫిల్, అండ్ల సిరీస్ తెరిచి, కాలమ్స్, డేట్, డే ఎంచుకొని, స్టెప్ 1, స్టాప్ వాల్యూ 31-03-2027 ఇయ్యి. 2026 ఏప్రిల్ 1 నుంచి 365 వరుసలు ఒక్క దెబ్బకు నిండుతయి.

నెలాఖరు తేదీల కాడ జర పైలం. జనవరి 31 కింద, తేదీని ఒక నెల ముందుకు జరిపే =ఈడేట్(ఏ2,1) రాసి గుంజితే ఫిబ్రవరి 28కి దిగుతది, ఇగ మళ్ల 31కి ఎక్కది, మార్చి గూడ 28 అనే వస్తది. గోదాం కిరాయి అసొంటి నెలాఖరు వాటికి =ఈఓమంత్(ఏ2,1) వాడు, అది వచ్చే నెల ఆఖరి తేదీనే ఇస్తది.

సెలవులు తప్పించాలంటే కుడి మీట మెనూల ఫిల్ వీక్‌డేస్ ఉన్నది, అది శని, ఆదివారాలు రెండూ ఎగరగొడ్తది. ఆదివారం ఒక్కటే తప్పించాలంటే =వర్క్‌డే.ఐఎన్‌టీఎల్(ఏ2,1,11,$హెచ్$2:$హెచ్$30). 11 అంటే ఆదివారం ఒక్కటే సెలవు, హెచ్ కాలమ్‌ల సెలవుల పట్టీ. డాలర్ గుర్తులు మరువకు, లేకుంటే గుంజినకొద్ది పట్టీ గూడ కిందికి జారుతది. జూన్ 2, ఆగస్టు 15 అసొంటివి స్థిరం. ఉగాది, సద్దుల బతుకమ్మ, దసరా, రెండేండ్లకోపారి మేడారం జాతర తిథిని బట్టి వచ్చేటివి, ఎక్సెల్‌కు తిథులు తెల్వయి. ప్రతి ఏడు యార్డు సెలవులు చూసి పట్టీ నువ్వే రాసుకోవాలె.

అన్నిటికంటే ఎక్కువ మోసం చేసేది ఇది. కొన్ని కొత్త కంప్యూటర్లు అమెరికా పద్ధతిల ఉంటయి, నెల ముందు, రోజు ఎన్క. నువ్వు ఏప్రిల్ 3 అనుకొని 03-04 కొడితే అది మార్చి 4 అని రాసుకుంటది. 13-04 కొడితే పదమూడో నెల లేదు కాబట్టి ఉత్త అక్షరాల తీరుగ ఉంచుతది. పన్నెండు దాక తప్పుగ ఎక్కుతయి, పదమూడు నుంచి ఎక్కనే ఎక్కవు. గుర్తుపట్టుడు అల్కగనే: అసలు తేదీ గడిల కుడి దిక్కు ఒరుగుతది, అక్షరాలైతే ఎడమ దిక్కు. విండోస్ రీజియన్‌ల ఇంగ్లీష్ ఇండియా పెట్టు. ఎడమకున్నవాటిని డేటాల టెక్స్ట్ టు కాలమ్స్‌కు పోయి, మూడో మెట్టుల డేట్ డీఎమ్‌వై (రోజు, నెల, ఏడు) ఎంచితే సర్దుకుంటయి. తారుమారైనవాటికి పక్క కాలమ్‌ల =డేట్(ఇయర్(ఏ2),డే(ఏ2),మంత్(ఏ2)), అవి తప్పినయని తేలిన వరుసలకే.

చుక్కలు పెట్టి 1.4.2026 అని కొట్టకు. అది గూడ అక్షరాలే అయితది, గుంజితే 1.4.2027, 1.4.2028 అని ఏండ్లు పెరుగుకుంట పోతయి.

పక్క గడిల బస్తాల లెక్క కొట్టంగనే తేదీ దానంతటదే పడే ఉపాయం వీడియోలల్ల చూసే ఉంటవ్, తన గడిని తనే చూసుకునే ఫార్ములాతోని. దానికి ఇటరేటివ్ క్యాల్‌క్యులేషన్ (అదే లెక్క మళ్ల మళ్ల చేసే సెట్టింగ్) ఆన్ చెయ్యాలె, ఆ సెట్టింగ్ లేని ఇంకో ఫైల్ ముందుగాల తెరిచి ఉంటే సర్క్యులర్ రిఫరెన్స్ అని మొత్తుకుంటది. పైసల లెక్కల నేనైతే పెట్టనియ్య.

దాని బదులు తేదీ కాలమ్ మొత్తం పట్టి, డేటా వ్యాలిడేషన్‌ల డేట్, బిట్వీన్, 01-04-2026, 31-03-2027 పెట్టు. ఏడాది తప్పు కొడితే తీసుకోదు. కాపీ పేస్ట్ చేసినా, కిందికి గుంజినా మాత్రం ఈ కాపలా పనిచెయ్యది, చేతితోని కొడితెనే ఆపుతది.

మీ పెద్దబాపు
హన్మకొండ