కుస్తీ మాన్పించొద్దు.. ముందు నెలసరి సంగతి చూడండి

ప్రశ్న: మా అమ్మాయికి 14 ఏళ్లు. కుస్తీ నేర్చుకుంటోంది. ఒళ్లు మగపిల్లల్లా తయారవుతుందని, గర్భసంచికి దెబ్బ తగిలితే రేపు పిల్లలు పుట్టరని బంధువులు భయపెడుతున్నారు. పోటీకి బరువు తగ్గాలంటూ తను రాత్రిపూట తినడం మానేసింది. నాలుగు నెలలుగా నెలసరి రావడం లేదు. ఆట మాన్పించమంటారా?

జవాబు: మాన్పించొద్దు. గర్భసంచి కటి ఎముకల మధ్య భద్రంగా ఉంటుంది. పట్టుల్లో, కింద పడటంలో దానికి దెబ్బ తగలడం చాలా అరుదు. కండలు బాగా పెరగాలంటే కావాల్సిన టెస్టోస్టిరాన్ ఆడపిల్లల్లో తక్కువ. అందుకే బలం వస్తుంది గానీ ఆకారం మగపిల్లల్లా మారదు. మహిళల కుస్తీ 2004 నుంచి ఒలింపిక్స్‌లోనే ఉంది.

బంధువుల మాటలకన్నా మీరు చివర్లో రాసిన తిండి, నెలసరి సంగతులే నన్ను ఆలోచనలో పడేశాయి. తిన్నదంతా ప్రాక్టీసుకే ఖర్చయిపోతే మెదడు నెలసరిని నడిపే హార్మోన్లను తగ్గించేస్తుంది. దాంతో ఎముకలకు బలాన్నిచ్చే ఈస్ట్రోజన్ హార్మోన్ పడిపోతుంది. ఎముకలు గట్టిపడే వయసు ఇదే కాబట్టి ఇప్పుడు వచ్చిన లోటు తర్వాత పూర్తిగా పూడకపోవచ్చు. ఎముకల్లో సన్నటి పగుళ్లు రావడానికీ ఇదో కారణం. ‘ఆటలాడే పిల్లలకు నెలసరి ఆగడం మామూలే’ అని కొందరు కోచ్‌లు కూడా అంటుంటారు. మామూలు కాదు. నెలసరి మొదలైన కొత్తలో తేదీలు అటూ ఇటూ అవుతాయి, నిజమే. కానీ 90 రోజులు దాటితే పరీక్ష చేయించాల్సిందే.

గైనకాలజిస్టుకు చూపించండి. థైరాయిడ్, ప్రోలాక్టిన్, హిమోగ్లోబిన్ వంటి పరీక్షలు రాస్తారు. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి తప్పే సమస్య) ఉందేమో చూస్తారు. గర్భ పరీక్ష కూడా అడగొచ్చు. నెలసరి ఆగితే అందరికీ చేసేదే, కంగారు పడొద్దు. నెలసరి తెప్పించే మాత్రలు మాత్రం సొంతంగా వేయకండి. బ్లీడింగ్ కనిపిస్తుంది, లోపలి లోటు అలాగే ఉండిపోతుంది.

రాత్రి భోజనం ఇవాళే మొదలుపెట్టించండి. తిట్టకండి, ఆట మాన్పిస్తారన్న భయంతోనే చాలామంది పిల్లలు ఇలాంటివి దాస్తారు. కోచ్‌తో మాట్లాడి పై బరువు కేటగిరీలో ఆడించండి. ఎదిగే పిల్ల బరువు పెరగకుండా ఎలా ఉంటుంది! నీళ్లు మాన్పించి, చెమట పట్టించి బరువు దించుతామంటే అసలు ఒప్పుకోవద్దు. ప్రాక్టీసు ఎంత తగ్గించాలో పరీక్షల తర్వాత డాక్టర్ చెబుతారు. ఈలోపు కళ్లు తిరిగినా, ఎముక మీద ఒకేచోట నొప్పి వస్తున్నా ప్రాక్టీసు ఆపి వెంటనే చూపించండి.