ట్రైనింగ్ అయ్యాక కూడా సైన్స్ టీచర్లు మళ్లీ నోట్స్‌కే వస్తున్నారు, ఏం చేయాలి?

హైదరాబాద్‌లోని మీ స్కూల్లో అన్వేషణ పద్ధతి (పిల్లలే చేసి, కొలిచి తెలుసుకునే పద్ధతి) మీద ట్రైనింగ్ ఇప్పించినా, నెల తిరక్కుండానే టీచర్లు మళ్లీ నోట్స్ చెప్పడం మొదలుపెట్టారన్నారు. తప్పు వాళ్లది కాదండి. పద్ధతి గురించి విన్నారే గానీ చేత్తో చేసి చూడలేదు.

పాఠాలన్నీ మార్చమనకండి. టర్ముకి ఒక్క కృత్యం చాలు. లఘులోలకంతో, అంటే దారానికి బరువు కట్టి ఊపేదానితో, మొదలుపెట్టండి: దారం, ఒకే సైజు ఇనుప నట్లు, స్కేలు, సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్. 40 మందికి ఎనిమిది సెట్లు. రాణీగంజ్ మార్కెట్ దాకా వెళ్లక్కర్లేదు, వీధిలో హార్డ్‌వేర్ షాపు చాలు.

బడి వదిలాక టీచర్లంతా కూర్చుని ముందు తామే చేయాలి. 25 సెం.మీ. దారానికి 20 డోలనాలు (అటు ఊగి తిరిగి మొదటి చోటికి వస్తే ఒక డోలనం), సుమారు 20 సెకన్లు. 50 సెం.మీ.కి ఎంత? చాలామంది 40 అంటారు. వచ్చేది 28. 40 రావాలంటే మీటరు దారం కావాలి. పొడవు నట్టు మధ్య వరకు కొలవాలి, ఊపు చిన్నదిగా ఉండాలి. 60 డిగ్రీలు లాగి వదిలితే కాలం 7 శాతం పెరుగుతుంది.

అసలు చిక్కు బరువు దగ్గర. పిల్లలు నట్టు కింద నట్టు కడతారు. 25 సెం.మీ. దారానికి సెంటీమీటరున్నర నట్లు మూడు అలా వేలాడితే 20 డోలనాలకు అర సెకను పైనే పెరుగుతుంది. "బరువు పెరిగితే టైమ్ పెరుగుతుంది" అని రాసేస్తారు. టీచరు కంగారుపడి "తప్పు, బరువుతో సంబంధం లేదు, రాసుకోండి" అన్నారా, అన్వేషణ అక్కడితో సరి. పిల్లల కొలత సరైనదే! గరిమనాభి, అంటే బరువంతా ఒకేచోట ఉన్నట్టు లెక్కేసే బిందువు, కిందికి దిగి లోలకం పొడవే పెరిగింది. "మనం మార్చింది బరువొక్కటేనా?" అని అడిగి ఆగాలి. నట్లన్నీ పక్కపక్కన గుత్తిగా కట్టి కొలిస్తే తేడా పోతుంది.

ఆ ఆగడమే కష్టం. ప్రశ్న అడిగాక టీచర్లు మామూలుగా ఒక్క సెకనే ఆగుతారని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబుల నిడివి పెరుగుతుందని అమెరికాలో సైన్స్ బోధన మీద పనిచేసిన మేరీ బడ్ రో పరిశోధనలో తేలింది. మొదటి రెండు మూడు క్లాసుల్లో మీరు వెనక బెంచీలో కూర్చుని ఆ సెకన్లు రాసి, తర్వాత టీచరుకు మాత్రమే చూపించండి. ఆ కాగితం హెచ్‌ఎం ఫైల్లోకి పోయిందంటే మిమ్మల్ని ఇంకెవరూ క్లాసులోకి రానివ్వరు.

పరీక్షలో కూడా ఒక కొలతల పట్టిక ఇచ్చి "ఇందులో ఏ కొలత అనుమానంగా ఉంది, ఎందుకు?" అని అడగండి. మార్కులు లేని పనిని సిలబస్ ఒత్తిడిలో ఎవరూ కొనసాగించలేరు. కృత్యం చేసే రోజుకు రెండు పీరియడ్లు కలిపి ఇమ్మని హెచ్‌ఎంని ముందే అడగండి. ఒక్క పీరియడ్లో కొలతలు అయిపోతాయి గానీ చర్చ మిగిలిపోతుంది.